ఫైబర్ బోటు లిఫ్ట్ మీద స్కీ బోటు: పట్టెలు, స్టూళ్లు, కొలతలు

పడవని జెట్టీ దగ్గర నీళ్లలోంచి పైకి లేపి ఉంచేది లిఫ్ట్. అవుట్‌బోర్డు ఇంజనున్న ఫైబర్ బోటు కోసం చేసిన లిఫ్ట్ మీదికి, నీళ్ల మీద స్కీ చేసేవాళ్లని లాగే స్కీ బోటు ఎక్కించాలనగానే అందరూ అడిగేది ‘లిఫ్ట్ ఎన్ని టన్నులు లేపుతుంది?’ అని. అది రెండో ప్రశ్న. పడవ అడుగున ఏమేం వేలాడుతున్నాయన్నది మొదటిది. ఫైబర్ బోటు అడుగు ఖాళీ. ఇంజను, నీళ్లని తోసే ఫ్యాను రెండూ వెనక చెక్కకి బిగించి ఉంటాయి, కావాలంటే పైకి మడవచ్చు. స్కీ బోటుకి ఇంజను లోపలే. ఫ్యానుని తిప్పే షాఫ్ట్ అడుగులోంచి ఏటవాలుగా బయటికొస్తుంది. దాన్ని పట్టుకునే బ్రాకెట్, ఫ్యాను, ఫ్యాను వెనక చుక్కాని, వీటన్నిటికీ ముందు నడిమధ్యన వరసగా సన్నటి రెక్కలు. ఇవేవీ మడిచేవి కావు. లిఫ్ట్ అడ్డ దూలం వీటిలో ఏ ఒక్కదానికి తగిలినా బరువంతా అక్కడే పడుతుంది. షాఫ్ట్ కంటికి కనిపించనంత వంగినా చాలు, ఇంజను వేగం పెంచగానే పడవంతా అదురుతుంది, షాఫ్ట్ సీలు దగ్గర నీళ్లు కారడం మొదలవుతుంది.

ఒడిశాలో రంభ వైపు చిలికా సరస్సులోనో, చత్రపురం దగ్గర తంపరా సరస్సులోనో జెట్టీ ఉండి, బరంపురంలో వెల్డింగ్ చేయించుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాలుగు స్తంభాలు, రెండు అడ్డ దూలాలు, వాటి మీద పడవ కూర్చునే రెండు పొడుగు పట్టెలు, నాలుగు మూలలా వైరు తాళ్లు, ఒక వించి. ఇలాంటి లిఫ్ట్ సంగతే చెబుతున్నాను. దూలాలు, పట్టెలు కలిసి పైకీ కిందికీ కదిలే భాగాన్ని ఊయల అంటున్నాను.

కొలతలన్నీ పడవ ట్రైలరు మీద ఉన్నప్పుడే తీయాలి. నీళ్లలో ఉండగా అందాజుగా తీసిన కొలతతో ఇనుము కోయించొద్దు. ముందు లెవెల్ పైపుతో పడవని ముందు, వెనక మట్టం చేయండి. పట్టె తగిలే చోటు నుంచి ఫ్యాను అడుగు అంచు ఎంత కిందికి ఉందో, చుక్కాని అంచు ఎంత కిందికి ఉందో చూసి, రెండిట్లో ఎక్కువదాన్ని రాసుకోండి. అది 36 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. అల వచ్చినప్పుడు పడవ ఒరుగుతుంది కాబట్టి 10 కలపండి, 46. పట్టె మందం నాలుగు అంగుళాలు, అంటే 10. మిగిలిన 36 సెంటీమీటర్లు దూలానికీ పట్టెకీ మధ్య ఉండే స్టూలు (పట్టెని ఎత్తి నిలిపే ఇనుప కాళ్లు) ఎత్తు. తర్వాత వెనక చెక్క దగ్గర తూకం గుండు వేలాడదీసి, అక్కడి నుంచి ఫ్యాను, బ్రాకెట్, ప్రతి రెక్క ఎంత దూరంలో ఉన్నాయో నేల మీద సుద్దతో గీసుకోండి. వెనక దూలం ఎక్కడికి వస్తుందో ఆ గీతల మీదే తెలిసిపోతుంది.

స్టూళ్లు వద్దనుకుని దూలం మధ్యలో గుంటలాగా కోసి ఫ్యానుకి దారి ఇవ్వడం ఇంకో పద్ధతి. నేనైతే వద్దంటాను. దూలం ఎక్కువగా వంగేది ఆ మధ్యలోనే, అక్కడే ఇనుము తీసేస్తే మళ్లీ రెండు వైపులా దళసరి ప్లేటు వెల్డ్ చేయాలి. ఆ వెల్డు ఉప్పునీళ్లలో నానుతూ ఉంటుంది.

స్టూలు ఎత్తు పెరిగేకొద్దీ పక్కకి ఊగుతుంది. అందుకే ఒక్క పైపు నిలబెట్టి పైన ప్లేటు కొట్టేస్తే సరిపోదు. ప్రతి స్టూలుకీ రెండు కాళ్లు, వాటి మధ్య ఏటవాలు కట్టు ఉండాలి. దూలానికి బిగించే చోట కనీసం నాలుగు బోల్టులు, 12 ఎం.ఎం.వి, 316 గ్రేడు స్టీలు. కోతలు, రంధ్రాలు, వెల్డింగ్ అన్నీ అయ్యాకే హాట్ డిప్ గాల్వనైజింగ్‌కి పంపండి. ముందే గాల్వనైజ్ చేసిన పైపు తెచ్చి వెల్డ్ చేస్తే అతుకు దగ్గర జింకు కాలిపోయి, తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇప్పుడు లోతు లెక్క. తేలుతున్న పడవ పట్టె గీత దగ్గర 25 సెంటీమీటర్లు మునుగుతుందనుకోండి. పడవ లోపలికి రావడానికి పట్టె ఇంకో 12 కిందికి దిగాలి. పట్టె, స్టూలు కలిపి 46, దూలం 10, దూలం కింద బురదకి తగలకుండా 10. మొత్తం 103 సెంటీమీటర్లు. స్టూళ్లు లేకుంటే 67 చాలేది. ఈ తేడా దగ్గరే పని చెడుతుంది. చిలికా నీటిమట్టం వానలకి పెరిగి ఎండాకాలానికి తగ్గుతుంది. అక్టోబరులో నిండుగా చూసి లిఫ్ట్ బిగిస్తే, మే నెలలో ఊయల బురదకి ఆని, పడవ పట్టెల మీదే ఉండిపోతుంది. కొలత మే నెలదే తీసుకోండి. కర్ర గుచ్చి చూసేటప్పుడు మెత్తటి ఒండ్రుని లోతు కింద లెక్కేయొద్దు.

పట్టెలు ఎక్కడ ఉండాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. స్కీ బోటు అడుగు వెనక భాగంలో దాదాపు చదును. దాని బలమంతా లోపల పొడుగునా పోయే స్ట్రింగర్లనే గట్టి కమ్ముల్లో ఉంది, ఇంజను కూడా వాటి మీదే బిగించి ఉంటుంది. పట్టె సరిగ్గా వాటి కిందే రావాలి. ఇంజను మౌంటు బోల్టుల నుంచి పక్క గోడ దాకా లోపల కొలిచి, అదే కొలత బయట గీయండి. నమ్మకం కుదరకపోతే రబ్బరు సుత్తితో అడుగు మీద అడ్డంగా తట్టుకుంటూ పొండి. ఉత్త ఫైబరు దగ్గర డొల్లగా ‘బొయ్’మంటుంది, స్ట్రింగరు దగ్గరికి రాగానే చప్పుడు బిగిసి ‘టక్’మంటుంది. ఆ టక్ వినిపించిన గీత మీదే పట్టె.

పట్టె వెనక కొస వెనక చెక్క దాకా రావాలి. ఓ అడుగు ముందే ఆగిపోతే, వెనక వేలాడే బరువుకి నెలల తరబడి అడుగు కిందికి వంగి కొక్కెంలా తయారవుతుంది. రెండు మూడు మిల్లీమీటర్లు వంగినా పరుగులో ముక్కు కిందికి పోతుంది. స్కీ చేసేవాడికి కావలసిన చదునైన అల ఇక రాదు. ఆ వంపుని మళ్లీ సరిచేయడం ఎంతో ఖర్చు.

కర్ర విషయానికొస్తే మన వైపు దొరికే సాల కర్ర గట్టిది, బరువుకి తట్టుకుంటుంది. రాగి మందు పట్టించిన కర్ర వాడితే అల్యూమినియం బ్రాకెట్లు పెట్టకండి, తినేస్తుంది. బోల్టు తల పైనుంచి రానివ్వొద్దు. పక్క నుంచి యాంగిల్‌తో బిగిస్తే, కర్ర అరిగినా తల పడవకి తగలదు. పైన పాలీప్రొపిలీన్ కార్పెట్ చుట్టి స్టీలు పిన్నులు కొట్టండి. నల్ల రబ్బరు షీటు తెల్ల పడవ మీద మరకలు వదులుతుంది. కార్పెట్‌లో ఇసుక చేరితే గరుకు కాగితంలా గీస్తుంది, నెలకోసారి నీళ్ల పైపుతో కడగండి.

ఇక బరువు. లారీ కాటా మీద ట్రైలరుతో ఒకసారి, ఖాళీ ట్రైలరుతో ఒకసారి తూయించండి. ట్యాంకు నింపి, సామాను లోపలే ఉంచి తూయాలి. 100 లీటర్ల పెట్రోలే 74 కిలోల దాకా ఉంటుంది. మొత్తంతో పాటు బరువు ఎక్కడ కేంద్రీకరించి ఉందో కూడా తెలియాలి. ఇంజను నడుమ ఉన్న స్కీ బోటుకి అది మధ్యకి దగ్గర, వెనక ఇంజనుండి, పెద్ద అలలు లేపే వేక్ బోటుకి బాగా వెనక. పడవకి లిఫ్టింగ్ రింగులుంటే, ముందు వెనక చైన్ బ్లాకులకి హుక్ కాటాలు తగిలించి కాస్త లేపండి. ముందు 520, వెనక 780 కిలోలు చూపించి, రింగుల మధ్య దూరం 4.5 మీటర్లయితే, 520ని 4.5తో హెచ్చించి 1,300తో భాగించాలి. వెనక రింగు నుంచి 1.8 మీటర్లు ముందుకి. ఆ చోటు రెండు దూలాలకీ నట్టనడుమ రావాలి.

రాకపోతే ఏమవుతుందో చూడండి. దూలాల మధ్య 2.4 మీటర్లు, బరువు కేంద్రం మధ్య నుంచి 60 సెంటీమీటర్లు వెనక్కి పోయిందనుకోండి. 1,300 కిలోల్లో 975 వెనక దూలం మీదే, ఒక్కో తాడు మీద 487. ఊయల బరువు 200 కిలోలైతే ఇంకో 50. రెండు టన్నుల లిఫ్ట్‌కి ఒక్కో తాడు హద్దు 500 కిలోలే. కాగితం మీద చాలిన లిఫ్ట్ నిజంలో చాలకపోయేది ఇక్కడే. అందుకే ముక్కు దగ్గర ఆపుడు కట్ట బిగించాలి, పడవ ప్రతిసారీ అక్కడికే వచ్చి ఆగాలి. వెనక రెండు పక్కలా మూడంగుళాల పీవీసీ తొడిగిన నిలువు పైపులు పెడితే పడవ పక్కలకి కూడా జరగదు.

తాళ్ల క్లిప్పుల్లో పొరపాటు తరచూ కనిపిస్తుంది. క్లిప్పు యూ భాగం తాడు తెగిన కొస మీదికి రావాలి, జీను భాగం బరువు మోసే తాడు వైపుకి. మూడుకి తక్కువ వద్దు. తాడు చుట్టుకునే వించి డ్రమ్ము మీద ఎప్పుడూ కనీసం మూడు చుట్లు మిగలాలి. మోటారు పెడితే కరెంటు లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు లీకైనా ఆపేసే ట్రిప్ స్విచ్చి తప్పనిసరి. నీళ్ల మీద ఇనుము పట్టుకుని నిలబడే పని ఇది, దీన్ని రేపటికి వాయిదా వేయొద్దు.

పడవ ఎక్కించే ముందు పట్టెల మీద పలకలు పరిచి, 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు ఎనిమిది నింపి లేపండి. డ్రమ్ములతో కలిపి 1,600 కిలోలు దాటుతుంది, అంటే పడవకి పావు వంతు ఎక్కువ. రాత్రంతా ఉంచి, తెల్లారి నాలుగు మూలలూ లెవెల్ పైపుతో చూడండి. బరువు పడ్డాక తాడు సన్నబడుతుంది కాబట్టి క్లిప్పులన్నీ మళ్లీ బిగించాలి.

వాడుకలో పడ్డాక పడవ లిఫ్ట్ మీద ఉన్నంతసేపూ అడుగు బిరడా తీసే ఉంచండి. నాలుగు మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పున్న లోపలి భాగంలో పది సెంటీమీటర్ల వాన నిలిస్తే 720 కిలోలు, సగం పడవ బరువు. దించే ముందు బిరడా పెట్టడం మరవకుండా దాన్ని ఇంజను తాళానికే కట్టుకోండి. లిఫ్ట్ మీద ఉండగా ఇంజను స్టార్ట్ చేయొద్దు, నీళ్లు అందక పంపు లోపలి రబ్బరు చక్రం కాలిపోతుంది. పడవ బయటికి వెళ్లినా ఊయలని నీళ్లలో వదిలేయకుండా పైకి లేపితే గుల్లలు పట్టవు. చిలికా ఉప్పునీటికి దూలాలకి జింకు దిమ్మలు బిగించండి. తంపరా మంచినీటిలో జింకు సరిగా పనిచేయదు, అక్కడ మెగ్నీషియం కావాలి. తుపాను కబురు వస్తే లిఫ్ట్‌ని నమ్మొద్దు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను తాకింది మన గోపాల్‌పూర్ దగ్గరే. గాలి లేవకముందే పడవని ట్రైలరు మీదికి ఎక్కించి ఒడ్డుకి దూరంగా తీసుకుపోండి, ఊయలని స్తంభాలకి నాలుగు మూలలా కట్టేయండి.