కళ్ళు తెరిచిన బొమ్మలు: డైడలోస్‌ గురించి

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో, పీఠంతో కలిపి 75 సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే ఉన్న ఒక సున్నపురాతి స్త్రీ విగ్రహం ఉంది. ఫ్రాన్స్‌లోని ఒసేర్ పట్టణపు మ్యూజియం సామాన్ల గదిలో 1907లో బయటపడటం వల్ల దానికి ఒసేర్ మహిళ అనే పేరు వచ్చింది కానీ, అది క్రీ.పూ. 640–630 ప్రాంతంలో క్రీటు ద్వీపపు శిల్పి చేతిలో రూపుదిద్దుకున్నదని పండితులు భావిస్తారు. ఆమె కుడి అరచేయి రొమ్ముకు ఆని ఉంటుంది, ఎడమ చేయి తొడను అంటిపెట్టుకుని ఉంటుంది. శరీరానికి ఆ వేళ్ళు మరీ పొడవైనవి. ముఖం మూడు మూలల పలకలా ఉండి, దానికి అటూ ఇటూ జుట్టు అడ్డగీతలతో విభజించిన జడలుగా భుజాల మీదికి దిగుతుంది. పావడా మీద శిల్పి గళ్ళ నేతను గీతలుగా చెక్కాడు. ఒకప్పుడు వాటిని రంగులతో నింపారు. ఎదుటి నుంచి చూస్తే నిండుగా ఉన్న ఈ బొమ్మ, పక్కకు వెళ్ళి చూసేసరికి పలుచనైపోతుంది.

ఈ తీరులో ఉన్న క్రీ.పూ. ఏడవ శతాబ్దపు బొమ్మలన్నింటినీ నేటి కళాచరిత్రకారులు డైడలిక్ శైలి అంటారు. బహుశా ఎన్నడూ జీవించి ఉండని ఒక మనిషి పేరు వాటికి పెట్టారు. ఇంగ్లీషు ద్వారా మనకు డెడలస్‌గా పరిచయమైన ఆయన అసలు గ్రీకు పేరు డైడలోస్. నన్ను చాలాకాలంగా పట్టి ఉంచిన సంగతి ఈ పేరే.

కథ చాలామందికి తెలిసినదే. రంపాన్నీ వృత్తలేఖినినీ కనిపెట్టిన మేనల్లుడి ప్రతిభకు ఓర్వలేక, అతణ్ణి ఏథెన్స్‌ అక్రోపోలిస్ మీద నుంచి తోసి చంపిన డైడలోస్, దేశం విడిచి క్రీటులో మినోస్ రాజు కొలువులో చేరాడు. అక్కడ చిక్కుదారుల కోటను కట్టాడు, చివరికి రెక్కలు తయారు చేసుకుని ఎగిరిపోతూ కొడుకు ఇకారస్‌ను సముద్రంలో పోగొట్టుకున్నాడు. ఈ కథను అందరూ రెక్కల దగ్గర ఆపేస్తారు. ప్రాచీన గ్రీకులు మాత్రం ఆయనను అంతకంటే ఎక్కువగా తమ మొదటి శిల్పిగా తలచుకున్నారు.

అయితే గ్రీకుల ఆదికవి హోమరు దగ్గరికి వెళితే పరిస్థితి వేరుగా ఉంటుంది. ఇలియడ్ 18వ సర్గలో కమ్మరి దేవుడు హెఫైస్టోస్, వీరుడైన అకిలీస్ డాలు మీద ఒక నాట్యరంగాన్ని మలుస్తాడు. అది పూర్వం మినోస్ రాజధాని క్నోసోస్‌లో మినోస్ కూతురు అరియాడ్నీ కోసం డైడలోస్ చేసినదానిలా ఉన్నదని కవి ఒక్క మాట అని ముందుకు వెళ్ళిపోతాడు. హోమరు కావ్యాల్లో ఆయన పేరు వినిపించేది ఆ ఒక్క చోటే. ఆ పేరుకు పుట్టిల్లయిన మాట మాత్రం ఆ కావ్యాల నిండా ఉంది. నేర్పుగా, నగిషీతో చేసిన ఏ వస్తువునైనా 'డైడల' అనే మాటతో కవి మెచ్చుకుంటాడు. కవచాలూ ఆభరణాలూ ఆ మాటకు నోచుకున్నాయి. ఒడిస్సియస్ తన పెళ్ళిమంచాన్ని బంగారంతో, వెండితో, దంతంతో స్వయంగా పొదిగి అలంకరించుకున్నప్పుడు కూడా కవి వాడిన క్రియ ఈ ధాతువు నుంచి వచ్చినదే. మొదట ఉన్నది పని, ఆ పనిని మెచ్చే మాట. చేసినవాడు తరువాత వచ్చాడు.

దీనికి ప్లటేయా అనే గ్రీకు పట్టణంలో జరిగిన ఉత్సవం నాకు అన్నిటికంటే గట్టి సాక్ష్యంగా తోస్తుంది. క్రీ.శ. రెండవ శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ దానిని వివరంగా రాశాడు. అలిగి వెళ్ళిపోయిన భార్య హీరాను రప్పించడానికి దేవతల రాజు జ్యూస్ ఒక కొయ్యబొమ్మకు పెళ్ళికూతురి ముసుగు వేసి బండిలో ఊరేగించాడట. హీరా ఆవేశంగా వచ్చి ముసుగు లాగి, కొయ్యను చూసి సంతోషించి రాజీపడిందట. దానికి గుర్తుగా ఆ ఊరివారు ఓక్ చెట్ల తోపులో ఉడికించిన మాంసం ముక్కలు పెట్టి కాకుల కోసం కాపలా కాసేవారు. మాంసాన్ని ఎత్తుకుపోయిన కాకి ఏ చెట్టు మీద వాలితే ఆ చెట్టునే నరికి బొమ్మ చేసేవారు. ఆ బొమ్మల పేరు డైడల, ఉత్సవం పేరూ డైడలే. శిల్పికి పేరు బొమ్మల నుంచే వచ్చి ఉంటుందని పౌసానియస్ అప్పుడే అనుమానించాడు.

అలాగని డైడలోస్‌ను ఉత్త కల్పనగా తీసిపారేయడం నాకు సమ్మతం కాదు. 1952లో చదవగలిగిన లీనియర్ బి అనే అతి పాత గ్రీకు లిపిలో, క్నోసోస్‌లో దొరికిన ఒక మట్టిపలక మీద 'ద-ద-రె-జొ-దె' అనే చోటికి నూనె పంపినట్టు ఉంది. డైడలోస్ పేరిట ఉన్న స్థలమని దానిని చాలామంది పండితులు అర్థం చేసుకున్నారు. అది హోమరు కావ్యాలకు కనీసం ఐదు వందల ఏళ్ళకు పూర్వపు లెక్క.

ఇక గ్రీకులు ఆయనకు కట్టబెట్టిన ఘనత ఏమిటో చూడాలి. అంతకు ముందు విగ్రహాలు కళ్ళు మూసుకుని, చేతులు పక్కలకు అతుక్కుని ఉండేవనీ, డైడలోస్ వాటి కళ్ళు తెరిపించి, కాళ్ళను విడదీసి, చేతులను ఒంటి నుంచి బయటికి చాపించాడనీ క్రీ.పూ. ఒకటవ శతాబ్దపు చరిత్రకారుడు డియోడోరస్ రాశాడు. ప్లేటో రచనలో సోక్రటీస్ తనను డైడలోస్ వంశీయుడిగా చెప్పుకుంటాడు. డైడలోస్ బొమ్మలను కట్టివేయకపోతే పారిపోతాయని కూడా అంటాడు. చూసేవారికి రాయి కదలబోతున్నట్టు కనిపించిన మొదటి క్షణం ఈ మాటల్లో నిలిచిపోయింది.

ఆ క్షణం రాతిలో కూడా కనిపిస్తుంది. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో క్రీ.పూ. 590–580 నాటి ఒక పాలరాతి యువకుడు ఎడమ కాలు ముందుకు వేసి నిలబడి ఉన్నాడు. నిలువెత్తు మనిషి కంటే కాస్త పొడుగు, సుమారు 194 సెంటీమీటర్లు. ఆ భంగిమా కొలతలూ ఈజిప్టు నుంచి వచ్చినవే. ఈజిప్టు శిల్పి నిలబడిన రాతి మనిషి వీపు వెనుక ఒక స్తంభాన్ని వదిలేవాడు, చేతికీ నడుముకూ మధ్య రాతిని తొలచకుండా ఉంచేవాడు. విగ్రహం విరగకుండా వేల ఏళ్ళు నిలవాలన్నది అతని ఉద్దేశం. గ్రీకు శిల్పి విరిగే ప్రమాదానికి సిద్ధపడి ఆ స్తంభాన్ని తీసేశాడు, చంక కింద నుంచి వెలుతురు కనబడేలా రాతిని తొలిచేశాడు. డియోడోరస్ చెప్పిన విడిన కాళ్ళూ విడిన చేతులూ ఇవే. ఒక మనిషి ఒక్కరోజులో చేసినట్టు చెప్పిన ఆ పని నిజానికి ఎన్నో తరాల ఉలి దెబ్బలతో జరిగింది.

క్రీటులోని డ్రేరోస్‌లో 1935లో దొరికిన మూడు కంచు విగ్రహాలు ఇంకా వెనుకటి మెట్టును చూపిస్తాయి. వాటిని పోత పోయలేదు. రేకును సుత్తితో సాగగొట్టి, అంచులను మేకులతో కలిపారు. ఒంటి మలుపుల దగ్గర రేకు ఇంకా బిగుసుకుపోయి ఉన్నా, వాటిలో పెద్దదైన పురుషమూర్తి 80 సెంటీమీటర్ల ఎత్తున నిటారుగా నిలబడ్డాడు.

డైడలోస్ చేసినవని చెప్పే కొయ్య విగ్రహాలను కొరింథులోనూ మరికొన్ని చోట్లా కళ్ళారా చూసిన పౌసానియస్, అవి చూపుకు వింతగానే ఉన్నా వాటిలో ఏదో దైవత్వం తొణికిసలాడుతుందని రాశాడు. ఆ బొమ్మలను చేసిన అసలు చేతులు ఎవరివో ఆయనకూ తెలిసే దారి లేదు. ఎక్కడ మంచి శిల్పం కనిపించినా జక్కన్న చెక్కాడని మనం అనుకున్నట్టే, కొరింథువారు డైడలోస్ పేరు చెప్పి ఉంటారు.

డెలోస్ ద్వీపంలో దొరికి ఇప్పుడు ఏథెన్స్‌ జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉన్న క్రీ.పూ. 650 ప్రాంతపు పాలరాతి స్త్రీ విగ్రహం పావడా పక్కన కొన్ని పద్యపాదాలు చెక్కి ఉన్నాయి. నక్సోస్ ద్వీపపు డైనోడికీస్ కూతురూ, డైనోమెనీస్ సోదరీ, ఇప్పుడు ఫ్రాక్సోస్ భార్యా అయిన నికాండ్రి తనను బాణాలు విసిరే దేవత ఆర్టెమిస్‌కు సమర్పించిందని ఆ విగ్రహమే చెబుతుంది. ఇచ్చినామె పేరు, తండ్రి పేరు, సోదరుడి పేరు, భర్త పేరు అన్నీ ఉన్నాయి. చెక్కినవాడి పేరు అందులో లేదు.