అంబోసెలిలో ఏనుగులు: నా ఫొటోగ్రఫీ డైరీ

హనీమూన్‌కి కెన్యా వెళ్దామంది నేనే. హైదరాబాద్ దగ్గర అమీన్‌పూర్ చెరువు గట్టున పక్షుల మీద చేసిన ప్రాక్టీసు పెద్ద జంతువుల దగ్గర ఏ మాత్రం పనికొస్తుందో చూడాలని. "అందరూ మాల్దీవులు వెళ్తుంటే మీకిదేం సరదా" అని అమ్మ సణుగుతూనే ఉంది.

ట్రైపాడ్ ఇంట్లోనే వదిలేశాను. సఫారీ బండి పైకప్పు పైకి లేస్తుంది, ఆ అంచు మీద లెన్స్ ఆనించడానికి ఒక సంచి చాలు. ఖాళీ గుడ్డ సంచి పట్టుకెళ్లి నైరోబీలో చిక్కుడు గింజలు కొని నింపాం. ప్లగ్గులు ఇంగ్లండ్ తరహావి, మూడు దీర్ఘచతురస్రాకారపు పిన్నులు. అడాప్టర్ ఇక్కడే కొనుక్కోవడం మంచిది.

అంబోసెలి కెన్యాలోని నేషనల్ పార్కు. అక్కడ అసలు శత్రువు దుమ్ము. ఎండిన సరస్సు నేల తెల్లగా లేచి, నా చేతుల గోరింటాకు కూడా కనపడనంతగా కమ్మేసింది. అక్కడ లెన్స్ మార్చే ఆలోచనే పెట్టుకోకూడదు. నా కెమెరాకి దూరానివి దగ్గరగా చూపే 100-400 ఎంఎం లెన్స్ బిగించి, పాత కెమెరాకి వెడల్పు దృశ్యాలకి 24-105 పెట్టి మా ఆయన చేతికిచ్చాను. తెల్ల నేల చూసి కెమెరా ఫొటోని నల్లబరుస్తుంది, అందుకని ఎక్స్‌పోజర్ (ఫొటో వెలుతురు) ప్లస్ 0.7కి పెంచాను. కదలిక చెదరకుండా షట్టర్ సెకనులో 1/1000 వంతు. ఎండెక్కాక దూరం నుంచి ఏం తీసినా వేడికి అలలు అలలుగా వస్తుంది. పొద్దున్నే గేటు తెరవగానే లోపల ఉండాలి.

కిలిమంజారో నీళ్లు భూమిలోంచి ఊరి ఇక్కడ చిత్తడి నేలలు ఏర్పడ్డాయి. పొద్దున ఏనుగుల మందలు వాటివైపే నడుస్తాయి. మేం చూస్తున్న మంద మాత్రం మధ్యలో దారి మళ్లింది. అక్కడ ఒక ఏనుగు పుర్రె పడి ఉంది. డ్రైవర్ ఇంజిన్ ఆపేశాడు. బండి అదురు పోతుంది కాబట్టి ఫొటోకీ అదే మంచిది. నేను షట్టర్ సైలెంట్‌లో పెట్టాను.

ఆఫ్రికా ఏనుగు తొండం చివర రెండు వేళ్లలాంటివి ఉంటాయి. పెద్ద ఆడ ఏనుగు వాటితో దంతాలు ఊడిన గుంతల అంచులు తడిమింది, లోపలికి పెట్టి వాసన చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, వెనక కాలిని పుర్రె మీద ఆనీ ఆనకుండా ఆనించింది. గున్న కూడా వచ్చి తొండం చాపింది.

"నాన్న పోయాక అమ్మ ఆయన చొక్కాలు ఇలాగే తడిమేది" అన్నారు మా ఆయన. మామగారి గురించి ఆయన తనంతట తాను మాట్లాడటం నేను అప్పుడే విన్నాను. కెమెరా సంచి మీద వదిలేసి ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆ గున్న ఫొటోలు నా దగ్గర లేవు, ఆయన తీశారు.

ఆ పుర్రె వాటి బంధువుదే అయ్యుంటుందని అనుకోవాలనిపిస్తుంది. కానీ అంబోసెలిలోనే చేసి 2006లో ప్రచురించిన పరిశోధన వేరే మాట చెప్పింది. మిగతా జంతువుల పుర్రెల కంటే ఏనుగు పుర్రెల దగ్గర, దంతాల దగ్గర అవి ఎక్కువసేపు ఆగాయట, కానీ సొంత కుటుంబానివని ప్రత్యేకంగా ఎంచుకోలేదట. నాకైతే అలా అయితేనే ఇంకా బాగుంది.

ఉంచుకున్న ఫొటోల్లో మంద మొత్తం కనపడేవి ఆయన 24-105తో తీసినవే. 400 దగ్గర నాకు తొండం చివర మాత్రం బాగా వచ్చింది, ముడతల్లో దుమ్ము కూడా కనిపిస్తోంది. వచ్చే వేసవిలో కర్ణాటకలోని కబిని అడవి అనుకుంటున్నాం. అడవి నీడలో నా లెన్స్ తీసుకునే వెలుతురు (ఎఫ్ 5.6) సరిపోతుందా, ఇంకా ఎక్కువ తీసుకునే లెన్స్ అద్దెకి తీసుకోవాలా అన్నది తేల్చుకోవాలి.