కోర్సు పెరగలేదు, వాచీ లెక్క పెరిగింది

రేసు ముగిసిన ఆదివారం మధ్యాహ్నానికల్లా మా రన్నర్ల వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదులు మొదలవుతాయి. "హాఫ్ మారథాన్ అన్నారు, నా వాచీలో 21.4 వచ్చింది. మూడు వందల మీటర్లు అదనంగా పరిగెత్తించారు." దాని కింద ఇంకొకరు 21.3 అని, మరొకరు 21.5 అని పెడతారు. సాయంత్రానికి నిర్వాహకులు మోసగాళ్లని తేలిపోతుంది. నేను సర్వేయర్ని. భూమిని కొలవడమే నా ఉద్యోగం, ఉదయాలు కృష్ణ ఒడ్డున పరుగు నా వ్యసనం. ఈ మాటలు చదివినప్పుడల్లా నాకు నిజంగా మనసు కష్టపడుతుంది. ఎందుకంటే, పద్ధతి ప్రకారం కొలిచిన కోర్సులో, అంటే రేసు దారిలో, వాచీ 21.3, 21.4 చూపించడమే సహజం. సరిగ్గా 21.10 చూపిస్తేనే నాకు అనుమానం వస్తుంది.

హాఫ్ మారథాన్ దూరం 21.0975 కిలోమీటర్లు, ఫుల్ 42.195. సర్టిఫికెట్ ఉన్న రేసులో ఆ దూరాన్ని కొలిచేది జీపీఎస్‌తో కాదు, సైకిలుతో. ఇది వినగానే మా వాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. అలాంటి కొలతకు ఒకసారి సాయం వెళ్లాను కనుక కొంచెం వివరంగా చెబుతాను.

అర్ధరాత్రి దాటాక, వాహనాలు పలచబడ్డాక పని మొదలైంది. ముందు ఒక తిన్నని రోడ్డు చూసుకుని, కనీసం 300 మీటర్ల గీతను స్టీలు టేపుతో కొలవాలి. రెండు చివర్లా తారులోకి మేకులు కొట్టాం. టేపును చేతి అంచనాతో లాగితే కుదరదు. కొసకు స్ప్రింగ్ త్రాసు తగిలించి, ముల్లు దాదాపు ఐదు కిలోల దగ్గర నిలిచేలా లాగి పట్టుకోవాలి. పక్కనే రోడ్డు మీద థర్మామీటరు. స్టీలు టేపు అంకెలు 20 డిగ్రీల వేడిమి దగ్గర సరైనవి. ఆ రాత్రి మా రోడ్డు 35 డిగ్రీల దగ్గర ఉంది. అంత తేడాకు 300 మీటర్ల మీద టేపు ఐదు సెంటీమీటర్ల చొప్పున సాగుతుంది. ఆ ఐదు సెంటీమీటర్లను కూడా లెక్కలో సవరించారు.

తర్వాత ఆ గీత మీద సైకిలును నాలుగుసార్లు నడిపారు. ముందు చక్రం ఇరుసు దగ్గర జోన్స్ కౌంటర్ అనే చిన్న పళ్ల చక్రాల యంత్రం ఉంటుంది. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి అందులో ఇరవైకి పైగా అంకెలు మారతాయి. అంటే ఒక్కో అంకె విలువ పది సెంటీమీటర్లకు లోపే. కిలోమీటరుకు ఎన్ని అంకెలో తేల్చుకున్నాక, దానికి వెయ్యింట ఒక వంతు కలుపుతారు. కోర్సు పొరపాటున కూడా తక్కువ కాకూడదని ఆ జాగ్రత్త. ఫుల్ మారథాన్‌లో అది 42 మీటర్లు. ఆ తర్వాత మొత్తం కోర్సును మలుపుల దగ్గర అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో, రన్నరు వెళ్లగలిగే అతి దగ్గరి దారిలో సైకిలు మీద కొలుస్తారు. మేం ముగించేసరికి ఎండ వచ్చేసింది. కొలిచే పెద్దాయన నన్ను పిలిచి, "బాబూ, టైరు మీద చెయ్యి పెట్టి చూడు" అన్నారు. వెచ్చగా ఉంది. లోపల గాలి వ్యాకోచించి చక్రం చుట్టుకొలత రవ్వంత పెరిగి ఉంటుంది. అందుకే మళ్లీ మేకుల దగ్గరికి వెళ్లి అదే గీతను ఇంకో నాలుగుసార్లు తొక్కారు. అప్పటికి ఆయన నిద్రపోయి ఒక రోజు దాటింది.

ఈ సైకిలు పద్ధతిని 1960లలో బ్రిటన్‌లో జాన్ జ్యువెల్ పకడ్బందీగా తీర్చిదిద్దారు. టెడ్ కార్బిట్ 1964లో దాన్ని అమెరికా రన్నర్లకు పరిచయం చేశారు. జోన్స్ కౌంటర్‌ను 1971లో అలన్ జోన్స్ తయారు చేశారు. ఇన్ని ఉపగ్రహాలు వచ్చాక కూడా ప్రపంచ అథ్లెటిక్స్ సమాఖ్య రోడ్డు రేసుల కొలతకు దీన్ని మార్చలేదంటే కారణం పాతదాని మీద మమకారం కాదు. వంకర టింకర రోడ్డు మీద వెయ్యింట ఒక వంతు లోపల నిలబడే కొలత చేతి వాచీ ఇవ్వలేదు.

కోర్సుల్లో తప్పులు రావని నేను అనడం లేదు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ మారథాన్ 2013 నుంచి 2015 వరకు మూడేళ్లూ 380 మీటర్లు తక్కువ నడిచింది. వేల మంది టైములు చెల్లకుండా పోయాయి. 2021 బ్రైటన్ మారథాన్ 568 మీటర్లు ఎక్కువైంది. మాంచెస్టర్ సంగతిని తేల్చింది మళ్లీ నేల మీద జరిగిన కొలతే. ఇక మన ఊళ్లలో సర్టిఫికెట్ జోలికే పోకుండా, కారు మీటరు చూసి బోర్డులు పాతే రేసులూ ఉన్నాయి. వాటిని గురించి వాచీ వేసే ప్రశ్న న్యాయమైనదే. నా కోపమంతా సైకిలు తొక్కి కొలిచిన కోర్సును కూడా అదే గాటన కట్టేయడం మీదే.

ఇప్పుడు వాచీ సంగతి. జీపీఎస్ ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అక్కడి నుంచి సంకేతం మన మణికట్టు చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం లెక్కిస్తారు. సెకనులో వంద కోట్లో వంతు తేడా వస్తే దూరంలో 30 సెంటీమీటర్లు తప్పుతుంది. ఆరుబయట ఫోను చూపే స్థానం సాధారణంగా 4.9 మీటర్ల లోపు తేడాతో ఉంటుందని అమెరికా ప్రభుత్వ జీపీఎస్ విభాగమే చెబుతుంది. వాచీ యాంటెనా ఫోనులోని దానికంటే చిన్నది. పైగా చేతితో పాటు ఊగుతూ, సగం ఆకాశానికి మన శరీరమే అడ్డుగా ఉంటుంది. నేను ఆఫీసు పనిలో వాడే రోవర్, అంటే కర్రకు బిగించిన సర్వే రిసీవర్ కూడా ఆ ఉపగ్రహాలనే వింటుంది, కాని సెంటీమీటర్లలో చెబుతుంది. దానికి పెద్ద యాంటెనా ఉంది. ఒకచోట స్థిరంగా పాతిన రిసీవరు, అంటే కార్స్ స్టేషన్ నుంచి ఎప్పటికప్పుడు సవరణలు అందుతుంటాయి. సంకేతంలోని 19 సెంటీమీటర్ల తరంగాన్ని కూడా విడగొట్టి చదువుతుంది. అన్నిటికీ మించి, కర్రకున్న నీటి బుడగ మధ్యకు వచ్చేదాకా నేను హద్దురాయి మీద కదలకుండా పట్టుకుంటాను. పరుగెత్తే మణికట్టు నుంచి ఆ పని కోరడం అన్యాయం.

స్థానంలో తప్పు అటూ ఇటూ పడి చివరికి సరిపోతుందిగా, దూరం ఎందుకు పెరగాలి అని మా గ్రూపులో ఒక ఇంజనీరు అడిగాడు. మంచి ప్రశ్న. సెకనుకు మూడు మీటర్లు పరిగెత్తుతున్నారనుకోండి. నిజమైన రెండు బిందువుల మధ్య దూరం మూడు మీటర్లు. రెండో బిందువు ఒక మీటరు పక్కకు పడితే వాటి మధ్య గీత 3.16 మీటర్లవుతుంది. ఎడమకు పడినా 3.16, కుడికి పడినా 3.16. పక్కకు పడే తప్పు దూరాన్ని పెంచడమే తప్ప తగ్గించదు. అదృష్టవశాత్తు వరుస సెకన్లలో తప్పు దాదాపు ఒకే వైపు ఉంటుంది, వాచీ కూడా గీతను కొంత నునుపు చేస్తుంది. అందువల్ల ఆ ఐదు శాతం చివరికి ఒకటో రెండో శాతానికి దిగుతుంది. 400 మీటర్ల ట్రాక్ మీద ఇదే నునుపు ఎదురు తిరిగి, వంపులను కోసేసి దూరం తగ్గించి చూపుతుంది. కొత్త వాచీల్లో ట్రాక్ కోసం వేరే మోడ్ పెట్టింది అందుకే.

దీనికి మన పరుగు తీరు తోడవుతుంది. పది మీటర్ల వెడల్పు రోడ్డు లంబకోణంలో తిరిగేచోట లోపలి అంచుకూ బయటి అంచుకూ తేడా 15 మీటర్ల పైమాటే. నీళ్ల బల్లల కోసం ఒకసారి, మందిని తప్పించుకోవడానికి ఇంకోసారి పక్కకు జరుగుతాం. అది నిజంగా మనం పరిగెత్తిన దూరమే, కాని కోర్సుకు సంబంధం లేని దూరం.

విజయవాడలో ఈ తేడా కళ్లారా చూడవచ్చు. ప్రకాశం బ్యారేజీ మీద ఆకాశం విశాలంగా తెరుచుకుని ఉంటుంది. అక్కడ వాచీ గీసిన గీతను తర్వాత పటంలో చూస్తే రోడ్డును దాదాపు వదలదు. బ్యారేజీ దాటి ఇంద్రకీలాద్రి పాదం వెంట, కనకదుర్గ ఫ్లైఓవర్ కింది దారిలోకి వెళ్లండి. ఒక పక్క కొండ ఉత్తరాకాశాన్ని మూసేస్తుంది, నెత్తిన కాంక్రీటు, దక్షిణం నుంచి వచ్చే సంకేతం నేరుగా కాక రాతికి తగిలి ఆలస్యంగా చేరుతుంది. నా గీత అక్కడ ఒకసారి కొండెక్కింది, ఇంకోసారి నదిలో దిగింది. పేస్, అంటే కిలోమీటరుకు పట్టే సమయం, అయితే నేను ఒకే అడుగు వేగంతో వెళ్తుండగానే 5:10 చూపి, అర నిమిషంలో 6:20కి పడిపోయింది.

ఆ క్షణపు పేస్ అంకెను రేసులో చూడవద్దని నేను అందరికీ చెబుతాను. దూరం కంటే అది బలహీనమైన అంకె, ఎందుకంటే చిన్న దూరాన్ని చిన్న సమయంతో భాగించినప్పుడు ప్రతి తప్పూ పెద్దదై కనిపిస్తుంది. అది ఊగకుండా ఉండాలని వాచీ గత కొన్ని సెకన్ల సగటు తీస్తుంది. దాంతో మనం వేగం పెంచాక ఎంతో సేపటికి గాని అంకె కదలదు.

మాతో పరిగెత్తే ఒక బ్యాంకు ఉద్యోగి నాలుగు గంటల మారథాన్ కోసం నెలల తరబడి శ్రమించాడు. రేసు నుంచి ఫోను చేసి, "అన్నయ్యా, వాచీలో 5:41 పేస్ ఎక్కడా తప్పలేదు, అయినా నాలుగు గంటలు దాటిపోయింది" అన్నాడు. గొంతులో దుఃఖం. "వాచీలో మొత్తం దూరం ఎంత వచ్చింది తమ్ముడూ?" అని అడిగాను. 42.8. లెక్క అక్కడే ఉంది. 42.8 కిలోమీటర్లను 5:41తో పరిగెత్తితే నాలుగు గంటల మూడు నిమిషాల చిల్లర పడుతుంది, అతనికి సరిగ్గా అంతే పట్టింది. అతని కాళ్లలో లోపం లేదు, శిక్షణలో లోపం లేదు. ఆ వాచీతో ఆ కోర్సులో నాలుగు గంటలు కావాలంటే తెర మీద 5:36 కనబడుతూ ఉండాలి. ఈ ఒక్క సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ మూడు నిమిషాలు అతనివే అయ్యేవి. నేను ఇదంతా రాయడానికి కారణం ఆ ఫోనే.

కాబట్టి రేసులో ఆటో ల్యాప్, అంటే వాచీ తన లెక్క ప్రకారం ప్రతి కిలోమీటరుకూ తానే మోగే ఏర్పాటు, ఆపేయండి. కిలోమీటరు బోర్డు పక్క నుంచి వెళ్లేటప్పుడు మీరే ల్యాప్ మీట నొక్కండి. అప్పుడు దూరం సైకిలు కొలిచినది, సమయం వాచీ గడియారం కొలిచినది అవుతుంది. ఆ గడియారాన్ని కళ్లు మూసుకుని నమ్మవచ్చు. ఆటో ల్యాప్ వదిలేస్తే, ఆ బ్యాంకు తమ్ముడి వాచీ లాంటిది 35వ కిలోమీటరు బోర్డుకు దాదాపు అర కిలోమీటరు ముందే మోగుతుంది. అలసిన కాళ్లకు ఆ అర కిలోమీటరు ఎంతో మీకు తెలుసు.

బూటు లేసుకు తగిలించే ఫుట్‌పాడ్ వేరే దారిలో వెళ్తుంది. దానికి ఉపగ్రహాలు అక్కరలేదు. పాదం కదలికను త్వరణమాపకంతో చదివి అడుగు పొడవు అంచనా కడుతుంది. ఫ్లైఓవర్ కిందా, చెట్ల నీడలోనూ దాని పేస్ నిలకడగా ఉంటుంది, వేగం మారితే వెంటనే పట్టుకుంటుంది. కాని కొలిచిన దూరం మీద సరిచూసుకోకపోతే మొదటి నుంచి చివరి దాకా ఒకే వైపు తప్పుతూ పోతుంది. బూట్లు మార్చినా, లేసు మీద చోటు మార్చినా మళ్లీ సరిచూడాలి. ట్రెడ్‌మిల్ మీద మణికట్టు వాచీ కూడా ఇలా అంచనాతోనే నడుస్తుంది. అక్కడ కడ్డీ పట్టుకుంటే చెయ్యి ఊగదు, దూరం గల్లంతవుతుంది. ట్రెడ్‌మిల్ చెప్పేది నిజమా అంటే, బెల్టు మీద సుద్దతో గీత గీసి, బెల్టు చుట్టుకొలత టేపుతో తీసుకుని, చుట్లు లెక్కపెట్టడమే మార్గం.

సరిచూసుకునే చోటు కోసం ఎక్కడికో వెళ్లనవసరం లేదు. బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లని అందరూ చెబుతారు. కాని మన పరుగు ఏ రాయి దగ్గర మొదలై ఏ రాయి దగ్గర ఆగాలో ఆ అంకె చెప్పదు. అందుకని ఒక వేకువన మేం నలుగురం స్టీలు టేపుతో ఆ దారి మీదే 500 మీటర్లు కొలిచి, రెండు చివర్లా పసుపు రంగు చుక్కలు పెట్టాం. చుక్క దగ్గర నిలబడి, వాచీకి సంకేతం స్థిరపడేదాకా రెండు నిమిషాలు ఆగి, మీట నొక్కి పరిగెత్తండి. ఒక్క రోజు అంకెతో నిర్ణయానికి రావద్దు. వేర్వేరు రోజుల్లో, అదే చేతికి పెట్టుకుని చూస్తే మీ వాచీ ఎటు వైపు, ఎంత తప్పుతుందో తేలుతుంది. నాది బయలు ప్రదేశంలో శాతం లోపే ఎక్కువ చూపుతుంది. అది తెలిశాక దానితో నాకు పేచీ లేదు, రోజువారీ డైరీకి అంతకంటే మంచి తోడు దొరకదు.

వాచీలు మెరుగవుతున్న మాట నిజం. రెండు పౌనఃపున్యాలు వినే వాచీలు రాతి గోడల మధ్య స్పష్టంగా తేడా చూపిస్తున్నాయి. జీపీఎస్ లాంటి మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ నావిక్ కూడా ఆ దారిలో ఉంది. 2023 మే 29న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఎన్‌వీఎస్-01, చిన్న రిసీవర్లు సులువుగా అందుకునే ఎల్1 సంకేతాన్ని పంపే మొదటి నావిక్ ఉపగ్రహం. అందులో మన దేశంలోనే తయారైన అణు గడియారం ఉంది. మన తీరం నుంచి ఎగిరిన గడియారం చూసి మనం పరుగు కొలుచుకునే రోజు కోసం నేను ఆశగా ఎదురుచూస్తున్నాను. అప్పటికీ రేసు కోర్సును సైకిలుతోనే కొలవాలని అంటాను.

ఇక గ్రూపులోని మిత్రులకు ఒక విన్నపం. వచ్చే రేసు తర్వాత దూరం మీద అనుమానం వస్తే తెర ఫొటో పెట్టే ముందు నిర్వాహకులను మూడు సంగతులు అడగండి. కోర్సుకు కొలత సర్టిఫికెట్ ఉందా? కొలిచినవారు ఏ గ్రేడు? కొలిచిన తేదీ ఏది? అంతర్జాతీయ సర్టిఫికెట్ ఐదేళ్లే చెల్లుతుంది, ఈలోగా దారి మారినా చెల్లదు. ఇవ్వలేకపోతే మీ ఫిర్యాదు కింద మొదటి సంతకం నాదే. ఇస్తే, రాత్రంతా నిద్ర మానుకుని సైకిలు తొక్కి కొలిచిన మనిషిని మోసగాడని అనకండి.