మిక్సీ మీద రాసిన స్కిట్ ఎందుకు పేలలేదంటే

మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ కామెడీ బృందం వాళ్ల చచ్చిన చిలక స్కెచ్ చూశారా? కొన్న చిలక చచ్చిందని జాన్ క్లీజ్ పంజరం తెచ్చి కౌంటర్ మీద పెట్టి గోల పెడుతుంటే, షాపువాడిగా మైఖేల్ పాలిన్ మాత్రం అబ్బే, రెస్ట్ తీసుకుంటోందండీ అంటాడు. 1969 డిసెంబర్‌లో బీబీసీలో వచ్చింది.

1998లో అమెరికాలోని ఆస్పెన్‌లో ఆ బృందం వాళ్లంతా స్టేజీ మీద కూర్చుని దాని పుట్టుక చెప్పుకొచ్చారు (వాళ్లలో గ్రాహం చాప్‌మన్ 1989లోనే పోయాడు, అయినా అస్థికల కుండ అంటూ ఒకటి తెచ్చి పక్కన పెట్టుకుని, కాసేపటికి దాన్నీ తన్ని ఒలకబోశారు, అదొక రకం మనుషులు). పాలిన్‌కి కారు అమ్మినతను ఏం అడిగినా ఒక సాకు రెడీగా పెట్టుకునేవాడట. అతన్ని చూసి ముందు 1968లో కారు స్కెచ్ చేశారు. తర్వాత దాన్నే పైథాన్ షో కోసం తిరగరాస్తూ పాడైపోయిన టోస్టర్ పెట్టారు, ఇంకా పిచ్చిగా ఉండాలని చాప్‌మన్ చిలకని తెచ్చాడు.

టోస్టర్‌కీ చిలకకీ తేడా ఏముందో నాకు పోయిన ఉగాదికి గానీ అర్థం కాలేదు. మా మిక్సీ రిపేరుకిస్తే, తెచ్చిన రోజు నుంచీ గరగరమని సౌండు. తీసుకెళ్తే షాపతను "కొత్త బ్లేడు కదా మేడం, సెట్ అవ్వాలి" అన్నాడు. మళ్లీ వెళ్తే "మీరు పప్పు నానబెట్టట్లేదేమో" అన్నాడు. ఒళ్లు మండి, అపార్ట్‌మెంట్ ఉగాది ప్రోగ్రాంకి దాన్నే స్కిట్‌గా రాసేశాను, మిక్సీ కూడా స్టేజీ మీద పెట్టి.

ఒక్కరు నవ్వితే ఒట్టు. నేను స్విచ్ వేయగానే ముందు వరసలోంచి ఎవరో "మోటారు కాదండీ, జార్ కింద కప్లర్ అరిగింది" అన్నారు, వెనకనుంచి ఇంకొకరు కాదు బుష్ పోయిందన్నారు, ఇక వాళ్లిద్దరికీ మాటా మాటా పెరిగింది. మిక్సీ పాడైందో లేదో చూసేవాళ్లకీ అనుమానమే మరి, షాపువాడి మాట నిజమేమో అని కూడా అనిపిస్తుంది. చచ్చిన చిలకతో ఆ గొడవ లేదు, అది చచ్చిందని చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది, కాబట్టి షాపువాడి బుకాయింపు ఒక్కటే మిగులుతుంది నవ్వడానికి.

మర్నాడు రెండో ఫ్లోర్ అంకుల్ కప్లర్ కొనుక్కొచ్చి మరీ బిగించి వెళ్లారు. ఇప్పుడు సౌండు లేదు.