అరచేతిని పట్టుకునే బట్ట

"బట్ట ఉతకడం కూడా రాదా నీకు?" అని మా సూపర్‌వైజర్ పదిమంది ముందు అడిగిన మాట నన్ను చాలా రోజులు వదలలేదు. తప్పు నాదే, కాదనను. కానీ ఆ మాట తగిలిన చోటు వేరు. మాది సిరిసిల్ల. బాపు జీవితమంతా సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, నిలబడి పాలిస్టర్ బట్ట నేశాడు. బడి నుంచి వచ్చి కండెలు చుట్టిన చేతులు నావి. దుబాయిలో, అల్ ఖూజ్‌లోని కార్లను కడిగి పాలిష్ పట్టి మెరిపించే ఒక డీటెయిలింగ్ షాపులో పనికి కుదిరిన రోజున నాకు పాలిషింగ్ మెషీన్ పట్టుకోవడం తెలియదు, కారు రంగును కాపాడటానికి పైన పూసే సిరామిక్ కోటింగ్ పేరు కూడా వినలేదు. బట్ట గురించి మాత్రం ఎవరూ చెప్పనక్కర లేదనుకున్నాను.

ఆ రోజు పాలిష్ పూర్తయిన నల్ల కారును మైక్రోఫైబర్ టవల్‌తో ఆఖరిసారి తుడిచి ఎల్ఈడీ దీపం బానెట్ మీదికి వంచితే, వెలుగు చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు కనిపించాయి. వాటినే ఇక్కడ స్విర్ల్ మార్కులంటారు. అద్దాల మీద జిడ్డు చారలు కూడా ఉన్నాయి. రంగు మీద ఉండే పారదర్శకమైన పొర, క్లియర్ కోట్, మందం మామూలుగా 40, 50 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా మించదు. గీత పోవాలంటే ఆ పొరనే మరికొంత అరగదీయాలి. ఒక టవల్ చేసిన పాడు వల్ల ఆ కారు రంగు ఆయుష్షు కొంత తగ్గిందన్నమాట.

ముందు రోజు ఆ టవళ్లను ఉతికింది నేనే, ఎంతో శ్రద్ధగా ఉతికాను. మెషీన్‌లో చోటు మిగిలిందని మా నూలు యూనిఫాంలు కూడా కలిపాను, మురికి బాగా వదలాలని పౌడర్ ఒక గుప్పెడు ఎక్కువే వేశాను, మెత్తగా ఉంటాయని చివరి నీళ్లలో సాఫ్ట్‌నర్ పోశాను, డ్రయ్యర్ ఎందుకని డాబా మీద ఎండలో ఆరేశాను. మన దగ్గర ఎండ తగలని బట్టను ఉతికిన బట్ట అనరు కదా. ఇంట్లో మంచి పనులనిపించుకునే ఆ నాలుగూ ఈ బట్టకు నాలుగు దెబ్బలయ్యాయి.

మైక్రోఫైబర్‌లో 80 పాళ్లు పాలిస్టర్, 20 పాళ్లు పాలియమైడ్, అంటే మనం నైలాన్ అనేది, ఉంటాయి. కొన్నిటిలో అది 70, 30గా ఉంటుంది. పోగు సన్నదనాన్ని కొలిచే లెక్క డెనియర్; ఇందులో పోగు ఒక డెనియర్ కన్నా సన్నం. తయారీలో పోగును నిలువునా చీలిస్తేనే అంత సన్నమవుతుంది; ఆ చీలికల సందులే నీటినీ ధూళినీ లాక్కుంటాయి. సాఫ్ట్‌నర్ ఆ పోగుల మీద పూతలా కూర్చుంటే టవల్ నీటిని పీల్చడం మానేసి అద్దం మీద చారలు గీస్తుంది. నూలు బట్టల నూగు సందుల్లో చిక్కుకుంటుంది, కరగని పౌడర్ పలుకులు అక్కడే దాక్కుంటాయి, డాబా మీద గాలికి వచ్చిన ఇసుక సంగతి సరేసరి. వేడి కూడా దీనికి పడదు. మేము 40 డిగ్రీలు దాటనివ్వం. కానీ ఎండాకాలంలో ఇక్కడ చన్నీళ్ల కుళాయి తిప్పినా డాబా ట్యాంకులో కాగిన నీళ్లే వస్తాయి. అందుకే గీజర్ ఆపేసి, గదిలో చల్లారిన ఆ గీజర్ నీళ్లనే చన్నీళ్లుగా వాడుకుంటాం.

మర్నాడు సూపర్‌వైజర్ ఆ మాట ఎత్తలేదు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి చాలా ఏళ్లుగా ఇదే పని చేస్తున్న మనిషి ఆయన. నేను పాడుచేసిన టవల్ ఒకటి, కొత్తది ఒకటి బల్ల మీద పక్కపక్కన పరిచి, నా చెయ్యి పట్టుకుని ముందు దీని మీద, తరువాత దాని మీద ఆనించాడు. కాయలు కాసిన నా అరచేతిని కొత్త టవల్ వేల సన్నని గోళ్లతో పట్టుకున్నట్టు పట్టుకుంది. చెయ్యి తీస్తుంటే చర్మంతోపాటు లేచింది. పాతది పట్టుబట్టలా జారిపోయింది. ఆ జారుడునే నేను మెత్తదనం అనుకున్నాను. తరువాత ఆయన టవల్‌ను నాలుగు మడతలు పెట్టి ఎనిమిది ముఖాలు ఎలా వస్తాయో చూపించాడు. చక్రాలకు వాడిన టవల్ బాడీ మీదికి రాకూడదని, నేల మీద పడ్డది ఎంత ఖరీదైనదైనా ఆ క్షణం నుంచి చక్రాల బుట్టలోకే పోవాలని, సిరామిక్ కోటింగ్ తుడిచింది ఆరి గట్టిపడుతుంది కాబట్టి ఉతకకుండా పారేయాలని చెప్పాడు.

అయినా ఆ మొదటి మాటను నేను ఇప్పటికీ ఒప్పుకోలేను. శ్రద్ధ అనేది నేను ఇక్కడికి వచ్చి నేర్చుకున్నది కాదు. అన్నం తిన్న చేత్తో, దారాలు చుట్టి సాంచాకు ఎక్కించే భీమును ముట్టుకుంటే బాపు ఊరుకునేవాడు కాదు. అంత మోతలోనూ సాంచా చప్పుడు మారితే చాలు, ఎక్కడో పోగు తెగిందని లేచేవాడు. కాకపోతే మాకు తెలిసింది కట్టుకునే బట్ట. అది బండ మీద దెబ్బలు తింటుంది, గంజి పెడితే నిలబడుతుంది, ఎండలో తెల్లబడుతుంది. ఈ బట్ట పుట్టిందే పట్టుకోవడానికి. దీన్ని ఉతకడమంటే అది పట్టుకున్నదంతా వదిలించాలి, పట్టుకునే గుణం ఒక్కటి మాత్రం వదలకుండా చూసుకోవాలి. ఈ తేడా ఒక్క ముక్కలో చెప్పి ఉంటే నేను ఆ రోజే గ్రహించేవాణ్ణి.

సెలవు రోజున వీడియో కాల్‌లో బాపుకు ఒక టవల్ చూపించాను. దగ్గరికి పెట్టమని, అంచు తిప్పమని, సాగదీయమని అడిగి, చాలాసేపు చూసి, "ఇది నేసింది కాదురా, అల్లింది" అన్నాడు. చేతికి తగిలితే గానీ ఇంకేమీ చెప్పలేనని, దసరాకు వచ్చేటప్పుడు ఒకటి తెమ్మన్నాడు. రెండు పక్కకు తీసి పెట్టాను. నూలు బట్టల్లో కలపకుండా, కొద్దిగా లిక్విడ్ వేసి చల్లారిన నీళ్లలో ఉతికి, గదిలోనే నీడన ఆరేసి, కవరులో చుట్టి పెట్టెలో అడుగున పెట్టాను.