కొత్తవలస బస్సులో చిక్కుడు లెక్క

విశాఖపట్నం రైల్వేస్టేషన్ బయట ఆటోవాళ్ళు గోపాలపట్నానికి ఐదు వందలు అడిగారు. గట్టిగా పది కిలోమీటర్లు ఉంటుందేమో. నేనిప్పుడు ఉంటున్న లద్దాఖ్‌లోని లేహ్‌లో టాక్సీలు ఖరీదే గానీ, ఏ ఊరికి ఎంతో యూనియన్ వాళ్ళ పట్టికలో రాసి ఉంటుంది, బేరం ఉండదు. పుట్టి పెరిగిన ఊళ్ళో దిగగానే బేరమాడాల్సి రావడం నాకు కష్టంగా అనిపించింది. సామాను మోసుకుంటూ ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వెళ్ళి కొత్తవలస బస్సెక్కాను. నవంబరు మధ్య, కార్తీక మాసం. అమ్మ ఫోన్లో "చలి మొదలైందే, శాలువా తెచ్చుకో" అని చెప్పింది. నాకేమో చెమటకి జాకెట్టు వీపుకి అంటుకుపోతోంది.

మా ఆయన ఉద్యోగం వల్ల మూడేళ్ళుగా లేహ్‌లో ఉంటున్నాం. ఢిల్లీ దాకా విమానం, అక్కణ్ణించి రైలు. ఆ రెండు రోజుల గురించి చెప్పడానికేం లేదు. ఈ ప్రయాణంలో నాకు మిగిలింది ఆ బస్సులో గడిచిన ముప్పావుగంట.

కంచరపాలెంలో ఒక పెద్దావిడ గంప పట్టుకుని ఎక్కింది. ఆకుకూరలు అమ్ముకుని తిరిగి వెళ్తోంది. గంప అడుగున తడి గుడ్డ కింద నాలుగు గుప్పిళ్ళ చిక్కుడుకాయలు మిగిలాయి. నా పక్కన కూర్చోగానే ఆ వాసన తగిలింది. చిక్కుడుకాయ వాసన ఎలా ఉంటుందో చెప్పమంటే చెప్పలేను, మా వంటింట్లో సంక్రాంతి ముందర ఉండే వాసన అది. "మామ్మా, ఇవి ఇస్తావా?" అన్నాను. "కొత్త కాపు తల్లీ, ముప్పై ఇయ్యి" అంది. బేరమాడలేదు. కాయలు చేతి సంచీలో పోసుకుంటుంటే నాకు తెలియకుండానే కళ్ళు చెమర్చాయి. ఆవిడ చూసి "ఏటయింది?" అంది. చెప్పాను.

రెండేళ్ళ క్రితం అమ్మ తన పాదు చిక్కుడు గింజలు బూడిదలో కలిపి సీసాలో పోసి ఇచ్చింది. మా ఇంటి యజమానురాలికి పెరట్లో గ్రీన్‌హౌస్ ఉంది. మూడు వైపులా మట్టి ఇటుకల మందపాటి గోడలు, దక్షిణం వైపు ఏటవాలుగా పాలిథిన్. పగలు గోడలు పట్టి ఉంచిన వేడి రాత్రికి లోపలికి వదులుతాయి. బయట సున్నాకి ఇరవై డిగ్రీలు కింద ఉన్న జనవరిలో కూడా ఆవిడ అందులో పాలకూర కోస్తుంది. ఆవిణ్ణి నేను అమలే అని పిలుస్తాను. లద్దాఖీలో అమ్మగారూ అన్నట్టు. అమలే నాకు ఒక మూల మూడు అడుగుల చోటు ఇచ్చింది. అక్కడ గింజలు పెట్టాను.

పాదు పాలిథిన్ పైకప్పుని తాకి అటూ ఇటూ పాకింది. ఆకులు అరచేయంత. జూన్, జూలై, ఆగస్టు గడిచాయి, ఒక్క పూత లేదు. నీళ్ళు తక్కువయ్యాయేమో అనుకున్నాను. అక్కడ నీళ్ళంటే వాన కాదు. ఏడాది మొత్తానికి కురిసేది పది సెంటీమీటర్లు, మన దగ్గర ఒక్క తుఫాను రోజు అంతకంటే ఎక్కువ పడుతుంది. కొండ మీద మంచు కరిగి యురా అనే చిన్న కాలువలో వస్తే, ఊరు ఎన్నుకున్న చుర్పోన్ వంతుల ప్రకారం ఒక్కో పొలానికీ తిప్పుతాడు. అక్కడి అవస్థ ఎలా ఉంటుందంటే, విత్తనాలు వేసే ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు ఉండవు, పైనున్న హిమానీనదాలు జూన్‌కి గానీ బాగా కరగవు. అందుకే చెవాంగ్ నార్ఫెల్ అనే ఇంజనీరు చలికాలంలో వృథాగా పోయే నీటిని ఊళ్ళకి దగ్గర్లో గడ్డకట్టించి, వసంతంలో కరిగేలా కృత్రిమ హిమానీనదాలు కట్టించారు. 2015లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. నా వంతు నీళ్ళు నాకు సరిగ్గానే వచ్చేవి. ఎరువు ఎక్కువయిందేమో అనుకున్నాను. అదీ మానేశాను. సెప్టెంబరు ఆఖర్న ఒక రాత్రి పాలిథిన్ కప్పడం ఆలస్యమైంది. తెల్లారేసరికి పాదు మొత్తం ఉడికిన ఆకుకూరలా నల్లబడి వేలాడుతోంది. రెండో ఏడూ అదే తంతు. అమ్మకి ఫోటో పంపడానికి కూడా మనసొప్పలేదు.

ఎన్ఏడీ కూడలి దగ్గర బస్సు ఆగిపోయింది. ముందంతా లారీలు. ఆ పెద్దావిడ నేను చెప్పిందంతా విని, గంప కాళ్ళ మధ్య సర్దుకుని, వేళ్ళు ముడవడం మొదలెట్టింది.

"ఎప్పుడెట్టావు?"

"మే నెలలో."

"ఎప్పుడు సచ్చిపోనాది?"

"సెప్టెంబరు ఆఖర్న."

"దసరాకి ముందే కదా. మరేటి పూస్తాది? వినాయక సవితికి పందిరెక్కుతాది. నాగుల సవితికి పూత. సంకురాత్తిరికి గంపలకి గంపలు కోస్తాము. రాత్తిరి పెద్దదవ్వకుండా సిక్కుడు పూయదమ్మా. మా ఈధిలో లైటు స్తంభం కింద పాదు ఉంది, దానికి రాత్తిరే నేదు. అందరిదీ కాసినా అది కాయదు."

నేను ఆవిడ మొహం చూస్తూ ఉండిపోయాను. రెండేళ్ళు నేను చలి లెక్కే వేశాను. మే మధ్యదాకా మంచు భయం, సెప్టెంబరు ఆఖరికి మళ్ళీ మంచు, మధ్యలో ఉన్న నాలుగున్నర నెలల్లో ఏది పట్టిస్తే అది పంట. లేహ్‌లో అందరి లెక్కా అదే. క్యాబేజీ, టర్నిప్, బంగాళాదుంప, బఠానీ ఆ లెక్కలో ఇముడుతాయి. చిక్కుడు వేసే లెక్క వేరు. అది వేడినీ చలినీ చూడదు, రాత్రి పొడుగు చూస్తుంది. జూన్‌లో లేహ్‌లో పగలు పద్నాలుగు గంటలు దాటిపోతుంది. రాత్రి పెరిగి పాదుకి కబురు అందేలోపే మంచు వచ్చి పడుతుంది.

"అక్కడికి సిక్కుడు ఎందుకు తీసుకెళ్ళినావు, అక్కడిది అక్కడ తినాలి గానీ" అంది ఆవిడ. కోపంగా కాదు. నా దగ్గర జవాబు ఉంది కానీ బస్సులో చెప్పలేకపోయాను. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకులో పరమాన్నం పెట్టాలి. మూడేళ్ళుగా నా సూర్యుడికి రథం లేదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ కాసే ఊళ్ళో ఉంటూ.

గోపాలపట్నంలో దిగేటప్పుడు నా సంచీలోంచి ఎండు ఆప్రికాట్లు రెండు గుప్పిళ్ళు ఆవిడ గంపలో వేశాను. ఒకటి నోట్లో వేసుకుని, "రేగొడియంలా ఉంది గానీ తియ్యగుంది" అంది. బస్సు పెందుర్తి వైపు వెళ్ళిపోయింది. ఆవిడ పేరు అడగలేదు.

ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని నేరుగా మేడెక్కాను. అమ్మ మిద్దెతోట అక్టోబరు వానలకి ఉతికినట్టుంది. వంగ, టమాటా మొక్కలు అప్పుడే నిలదొక్కుకుంటున్నాయి. ఇక్కడ టమాటా చలికాలం పంట, రాత్రుళ్ళు చల్లబడితే గానీ పిందె నిలవదు. లేహ్‌లో అదే టమాటాని జూలైలో కూడా ప్లాస్టిక్ కింద దాచుకుంటాం. "మే నెలలో నేనూ తోట మూసేస్తాను" అంది అమ్మ. "ఆ ఎండకి తోటకూర, బచ్చలి తప్ప ఏదీ బతకదు, షేడ్‌నెట్ వేసినా." మాకు జనవరి ఎలాగో అమ్మకి మే అలాగ. ఆ సంగతి నేను ఇరవై ఆరేళ్ళు ఇదే మేడ మీద తిరిగి కూడా గమనించలేదు.

చిక్కుడు పందిరి మేడకి రెండు వైపులా పాకి ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను పాత పందిరిని పక్కవీధిలోకి విసిరేశాక నాన్న ఇనప గొట్టాలతో కట్టించింది. తూర్పు సగం ఊదా పూలతో నిండిపోయింది, అప్పుడే పిందెలు. పడమటి సగం ఆకులే. అమ్మ అటువైపు వేపనూనె కొడుతోందట, పేనుబంక వల్ల పూయడం లేదనుకుని. నేను పిట్టగోడ మీదుగా వంగి చూశాను. సరిగ్గా ఆ పక్కనే కొత్త ఎల్ఈడీ వీధిదీపం. "అమ్మా, మందు కొట్టడం ఆపెయ్" అని, బస్సులో విన్నదంతా చెప్పాను. అమ్మ చాలాసేపు ఆ దీపాన్నీ పాదునీ మార్చి మార్చి చూసింది.

ఆ రాత్రి ఫోన్లో చదివితే తెలిసింది, 1920లో అమెరికాలో గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పొగాకు, సోయా మొక్కల మీద ఇదే రుజువు చేశారని. పగటి పొడుగుతో పనిలేని పొద చిక్కుడు రకాలు కూడా ఉన్నాయి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవి అర్క జయ్, అర్క విజయ్. మర్నాడు విత్తనాల కొట్టులో అర్క జయ్ ప్యాకెట్ దొరికింది, మే మధ్యలో అమలే గ్రీన్‌హౌస్‌లో అవి పెడతాను.

అయినా అమ్మ గింజల్ని వదిలిపెట్టబుద్ధి కాలేదు. జూలై నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి పాదు మీద నల్లటి గుడ్డ కప్పి, పొద్దున్న ఎనిమిదింటికి తీస్తే పద్నాలుగు గంటల రాత్రి అవుతుంది. పాదు ఎత్తు పెరగనివ్వకుండా తుంచుకుంటూ రావాలి. ఈ మాట చెప్తే అమ్మ లోపలికి వెళ్ళి, నాన్న రాత్రి డ్యూటీలకి కప్పుకెళ్ళిన నల్ల కంబళి తెచ్చి నా పెట్టెలో అడుగున పెట్టింది. దాని మీద గింజల సీసా, బూడిద రాలకుండా మూతకి గుడ్డ కట్టి.