బంతి మధ్యలోనే ఉందనుకున్నాను

గోల్ఫ్ నేర్చుకుంటూ సాధన మ్యాట్ మీద బాగానే కొట్టేవాణ్ణి. సెవెన్ ఐరన్‌తో, అంటే మధ్య దూరాలకి వాడే క్లబ్‌తో (బంతిని కొట్టే కర్ర), పది బంతులు కొడితే ఏడెనిమిది చక్కగా లేచేవి. అదే క్లబ్ తీసుకుని గడ్డి మీదికి వెళ్తే అంతా తారుమారయ్యేది. ఒకసారి బంతి కంటే ముందు నేలను తవ్వేసేవాణ్ణి, బంతి నాలుగడుగులు దొర్లి ఆగిపోయేది. మరోసారి క్లబ్ అంచు బంతి నడుముకి తగిలి, అది నేలబారుగా దూసుకుపోయేది. చేతులు జివ్వుమనేవి. మొదటిదాన్ని ఫ్యాట్ షాట్ అంటారు, రెండోదాన్ని థిన్ అంటారు. నాలుగు నెలల పాటు ఇవి రెండు వేర్వేరు జబ్బులని నమ్మాను. నేల తవ్విన రోజు కాస్త నిటారుగా నిలబడేవాణ్ణి, బంతి నడుముకి తగిలిన రోజు మోకాళ్లు ఇంకొంచెం వంచేవాణ్ణి. ఒకటి తగ్గితే ఇంకొకటి పెరిగేది.

చివరికి ఒక కోచ్ దగ్గరికి వెళ్లాను. ఆయన నా స్వింగ్ గురించి ఒక్క మాట కూడా అనలేదు. బంతి ముందు నిలబడమని, "కదలకండి, బంతి ఎక్కడుందో చెప్పండి" అన్నారు. పాదాలకు సరిగ్గా మధ్యలో ఉందన్నాను. ఆయన ఒక సన్నటి కర్ర తెచ్చి బంతి దగ్గర నుంచి నా పాదాల మధ్యకి నిలువుగా పరిచారు. "ఇప్పుడు వెనక్కి జరిగి మడమల గుర్తులు చూడండి." ఆ కర్ర నా ఎడమ మడమకి రెండు అంగుళాల దూరంలో ఉంది. అది డ్రైవర్‌తో, అంటే అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్‌తో, కొట్టేటప్పుడు బంతి ఉండాల్సిన చోటు.

ఎందుకలా కనిపించిందో అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. నేను ఎడమ పాదం వేళ్లను టార్గెట్ వైపు బాగా తిప్పి నిలబడతాను, కుడి పాదం మాత్రం సూటిగా ఉంటుంది. పైనుంచి చూసేటప్పుడు కంటికి కనిపించేవి వేళ్లే. ఎడమ వేళ్లు పక్కకి జరిగితే వేళ్ల మధ్య చోటు కూడా అటే జరుగుతుంది. నేను బంతిని వేళ్ల మధ్యలో పెడుతున్నాను, అది మడమల లెక్కలో బాగా ముందుకి, అంటే టార్గెట్ వైపుకి, పోతోంది. నెలల తరబడి కళ్లు చెప్పింది నమ్మాను.

క్లబ్ తల తిరిగే దారి ఒక వంపు. ఆ వంపుకి అట్టడుగు చోటు ఒకటి ఉంటుంది. ఐరన్‌తో కొట్టేటప్పుడు అది బంతి దాటాక కొన్ని అంగుళాల ముందు రావాలి. క్లబ్ ఇంకా దిగుతుండగానే బంతిని తాకి, ఆ తర్వాతే గడ్డిని కోయాలి. ఆ కోతనే డివట్ అంటారు. నా బంతి ముందుకి ఉండటంతో అట్టడుగు దానికి వెనకే వచ్చేస్తోంది. అక్కడ నేల తగిలితే ఫ్యాట్. ఎలాగో తగలకుండా పోతే, క్లబ్ అప్పటికే పైకి లేస్తూ బంతి నడుముని తాకుతుంది, అది థిన్. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లు, అంటే నడుము నేలకి 21 మిల్లీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. అంత చిన్న తేడాలో రెండు తప్పులూ ఒకే చోట పుడుతున్నాయి. మ్యాట్ మీద ఇదేదీ తెలియదు. రెండు అంగుళాల వెనక తగిలినా క్లబ్ మ్యాట్ మీద జారుకుంటూ వెళ్లి బంతిని లేపేస్తుంది. మ్యాట్ మీద మాత్రమే సాధన చేసేవాళ్లు ఈ ఒక్క సంగతీ తప్పకుండా గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

కోచ్ చెప్పినట్టు గడ్డి మీద తెల్ల రంగుతో ఒక గీత గీసి, బంతి లేకుండా, నా పాత పద్ధతిలోనే గీతని బంతి అనుకుని ఇరవై స్వింగ్‌లు చేశాను. పదమూడు డివట్‌లు గీతకి వెనక మొదలయ్యాయి. తర్వాత గీత నా మడమల మధ్యకి ఒక బంతి వెడల్పు ముందు ఉండేలా నిలబడి మళ్లీ ఇరవై చేశాను. ఈసారి వెనకవి ఐదు. స్వింగ్‌లో నేను మార్చింది ఏమీ లేదు.

మొదటి వారం మాత్రం చాలా ఇబ్బందిగా ఉండింది. బంతి కుడి కాలి కిందకి వచ్చేసినట్టు అనిపించేది, కొట్టే ముందు ప్రతిసారీ టెన్షన్. కంటికి అలవాటు కావడానికి మూడు వారాలు పట్టింది.

నేను ఎదురుచూడని లాభం ఇంకొకటి దక్కింది. గ్రిప్‌లో కుడి చెయ్యి ఎడమ చేతికి కింద ఉంటుంది కదా, బంతి ముందుకి ఉంటే దాన్ని అందుకోవడానికి కుడి భుజం కూడా ముందుకి వచ్చేస్తుంది. పాదాలు సూటిగా ఉన్నా భుజాలు టార్గెట్‌కి ఎడమ వైపు తిరుగుతాయి, క్లబ్ బయటి నుంచి లోపలికి కోసుకుంటూ వస్తుంది. నా బంతి కుడి వైపుకి వంగిపోవడం వెనక ఇదీ ఉంది. బంతి జరిగాక ఆ వంపు సగానికి సగం తగ్గింది.

బంతికి ఎంత దూరంలో నిలబడాలన్న సంగతి త్వరగానే తేలింది. క్లబ్ ముఖం మీద పౌడర్ చల్లి కొడితే గుర్తులన్నీ లోపలి వైపు, కాడ దగ్గర పడుతున్నాయి. బరువు మునివేళ్ల మీద వేసి నిలబడటం వల్ల కొట్టేటప్పుడు ఒళ్లు బంతి వైపు తూలుతోంది. బరువుని పాదం మధ్యకి తెచ్చి, చేతులను భుజాల కింద వదులుగా వేలాడనిచ్చాక గుర్తులు నడిమికి వచ్చాయి.

అమెరికా గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ మామూలు షాట్లన్నిటికీ బంతిని ఎడమ మడమ దగ్గరే ఉంచి, కుడి పాదాన్ని దగ్గరకో దూరానికో జరిపేవాడు. కాళ్లని అంత బలంగా టార్గెట్ వైపు నడిపించగలిగితే అట్టడుగు కూడా ముందుకి వస్తుంది. నాకు ఆ కదలిక లేదు కాబట్టి ఆ పద్ధతి జోలికి వెళ్లలేదు.

ఇప్పుడు రెండు పాదాలూ దగ్గరగా పెట్టి, బంతిని మధ్యలోకి తెచ్చుకుని, ఎడమ పాదం చిన్న అడుగు, కుడి పాదం కాస్త పెద్ద అడుగు వేస్తాను. ఎడమ వేళ్లు చివర్లో తిప్పుతాను. పోయిన వారం వరుసగా మూడు ఫ్యాట్ షాట్లు పడ్డాయి. కర్ర పరిచి చూస్తే బంతి మళ్లీ ఎడమ మడమ వైపు అంగుళంన్నర జరిగి ఉంది. వెనక్కి తెచ్చి కొట్టాను, డివట్ బంతి ఉన్న చోటు దాటాక మొదలైంది.